లోకల్ ఖాళీగా ఉన్నంత మాత్రాన సిస్టమ్ ఖాళీ కాదు

ప్రశ్న: గౌరవనీయులకు నమస్కారం. నరసరావుపేట నుంచి రాస్తున్నాను. డల్లాస్‌లో ఉంటున్న మా బావ చెప్పగా కొన్ని నెలల క్రితం ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆట మొదలుపెట్టాను, ఈమధ్యనే డబ్బు కట్టి ఒమేగా చందా కూడా తీసుకున్నాను. యుద్ధాల మీద నాకు మోజు లేదు. హెరాన్ అనే చిన్న నౌక వేసుకుని తెలియని సిస్టమ్‌లకు, అంటే నక్షత్ర మండలాలకు, వెళ్లడం, స్కాన్ చేయడం, రెలిక్, డేటా సైట్లలోని పెట్టెలను హ్యాక్ చేసి తెరవడం నాకు ఇష్టం. అయితే వరసగా మూడు నౌకలు పోగొట్టుకున్నాను. మొదటిది రక్షణ లేని నల్ సెక్‌లో, మరో సిస్టమ్‌కు దూకే గేటు దగ్గర, వార్ప్ అనే అతివేగ ప్రయాణాన్ని అడ్డుకునే బబుల్‌లో చిక్కి పోయింది. రెండోది వర్మ్‌హోల్‌లో, అంటే ఆ పేరున్న తాత్కాలిక దారి గుండా చేరే సిస్టమ్‌లో, లోకల్ అనే ఆటగాళ్ల జాబితాలో నా పేరు తప్ప మరొకరి పేరు లేని సమయంలో, హ్యాకింగ్ చేస్తుండగా పోయింది. మూడోది తలుచుకుంటేనే బాధగా ఉంది. సుమారు 9 కోట్ల ఇస్క్ (ఆటలోని డబ్బు) విలువైన సరుకుతో ఆటలోని పెద్ద సంత అయిన జిటాకు ఆటోపైలట్ పెట్టి భోజనానికి లేచాను, తిరిగి వచ్చేసరికి చచ్చి కొత్త క్లోన్‌లో, అంటే కొత్త శరీరంలో, స్టేషన్‌లో ఉన్నాను. భద్రత ఎక్కువని చెప్పే హై సెక్‌లో కూడా చంపుతారా? అన్వేషణ మానేసి హై సెక్‌లో మైనింగ్ చేసుకోమని మా బావ అంటున్నాడు. ఆస్టెరో అనే మరో నౌక కొంటే ఈ బాధ తప్పుతుందా? మా ఊళ్లో నెట్ నెమ్మది, కరెంటు కూడా పోతుంటుంది, కారణం అదేనా? వర్మ్‌హోల్ లోపల ఉండగా దారి మూసుకుపోతే ఏం చేయాలో కూడా చెప్పగలరు.

సమాధానం: మీ బావగారి మాట పెడచెవిన పెట్టమని చెప్పడం నాకు ఇష్టం లేదు గానీ, ఈ విషయంలో ఆయన సలహా మీకు పనికిరాదు. మైనింగ్ చేసేవారిని హై సెక్‌లో వేటాడేవారు లేరా ఏమిటి? అన్వేషణ మానేయవలసినంత ప్రమాదకరమైన పని కాదనడానికి ఆ ఆటలోనే పెద్ద సాక్ష్యం ఉంది. కాటియా సే అనే పాత్రతో ఆడిన ఒక ఆటగాడు దాదాపు పదేళ్ల పాటు తిరిగి, 2019 నాటికి ఆట ప్రపంచమైన న్యూ ఈడెన్‌లో వెళ్లగలిగిన 7,805 సిస్టమ్‌లనూ చూసి వచ్చాడు. ఆ ప్రయాణంలో ఒక్క నౌక కూడా పోగొట్టుకోలేదు. ఆట నిర్మాతలైన ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ గేమ్స్ ఆ ఘనతకు గుర్తుగా ఆటలోనే స్మారకం కట్టించింది. ఆయనకు మీకన్నా గొప్ప ఆయుధాలేమీ లేవు. ఎదుటివాడు తనను చూసేలోగా తానే ఎదుటివాడిని చూసే అలవాటు ఆయనకు ఉంది. మీ మూడు నష్టాల్లోనూ వేటగాడు మిమ్మల్ని ముందు చూశాడు, రెండు సందర్భాల్లో మీరు అతన్ని అసలు చూడనేలేదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క తేడా గురించే.

నెట్ సంగతి ముందుగా తేల్చేద్దాం, ఎందుకంటే మన ప్రాంతాల ఆటగాళ్లు చాలామంది తమ ఓటమిని దాని మీదకు నెట్టేస్తారు. ఈవ్ సర్వర్ లండన్‌లో ఉంది. మీ ఇంటి నుంచి అక్కడికి సమాచారం వెళ్లి రావడానికి సెకనులో కొంత భాగం పడుతుందన్నది నిజమే. కానీ ఈ ఆటలో సర్వర్ నౌకల కదలికలను సెకనుకు ఒకసారి మాత్రమే లెక్కగడుతుంది. అందువల్ల తుపాకీ ఆటల్లో ప్రాణం తీసే జాప్యం ఇక్కడ అంతగా లెక్కలోకి రాదు. డల్లాస్‌లో కూర్చున్న మీ బావగారికీ, నరసరావుపేటలో కూర్చున్న మీకూ గేటు దగ్గర దొరికే అవకాశం దాదాపు ఒకటే. కరెంటు పోవడం మాత్రం వేరే విషయం. కనెక్షన్ తెగిపోయినప్పుడు, ఎవరూ పట్టి ఉంచకపోతే, నౌక తనంతట తాను దూరంగా వార్ప్ చేసుకుని, పోరులో లేని పక్షంలో ఒక నిమిషం తరువాత అంతరిక్షం నుంచి మాయమవుతుంది. బబుల్‌లో ఉన్నా, వార్ప్‌ను ఆపే స్క్రాంబ్లర్ పడి ఉన్నా ఆ రక్షణ పనిచేయదు. కాబట్టి రూటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలుపుకోండి, కోత వేళలు తెలిసి ఉంటే ఆ సమయంలో వర్మ్‌హోల్‌లోకి దిగకండి. ఆ విషయం ఇంతటితో సరి.

ఇక అసలు సంగతి. హై సెక్, లో సెక్, నల్ సెక్, వర్మ్‌హోల్ అనే నాలుగు చోట్లా ప్రమాదం స్వభావం వేరువేరుగా ఉంటుంది. హై సెక్ అంటే భద్రతా సూచిక 1.0 నుంచి 0.5 వరకు ఉన్న సిస్టమ్‌లు. అక్కడ మీపై అక్రమంగా దాడి చేసినవాడిని ఆటలోని పోలీసు దళమైన కాంకార్డ్ చంపుతుంది గానీ దాడిని ఆపదు. 0.4 నుంచి 0.1 వరకు లో సెక్. అక్కడ కాంకార్డ్ రాదు, గేట్ల దగ్గర, స్టేషన్ల దగ్గర తుపాకులు మాత్రం ఉంటాయి, బబుల్స్ పనిచేయవు. 0.0, అంతకన్నా తక్కువ ఉన్నది నల్ సెక్; అక్కడ ఏ తుపాకీ మీకు అండగా రాదు, బబుల్స్ పనిచేస్తాయి, అయితే లోకల్ జాబితా మాత్రం సిస్టమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరినీ చూపిస్తుంది. వర్మ్‌హోల్‌లో ఆ ఒక్క సహాయం కూడా లేదు. నోరు తెరిచి చాట్‌లో మాట్లాడితే తప్ప ఎవరి పేరూ లోకల్‌లో కనిపించదు. మీ రెండో నౌక పోవడానికి కారణం ఇదే. నల్ సెక్‌లో నేర్చుకున్న సూత్రాన్ని, అంటే లోకల్ ఖాళీ అయితే సిస్టమ్ ఖాళీ అన్నదాన్ని, అది వర్తించని చోటికి తీసుకుపోయారు. వర్మ్‌హోల్‌లో ఖాళీ లోకల్ మీకు ఏ సమాచారమూ ఇవ్వదు. యాభై మంది మీ చుట్టూ ఉన్నా అది అలాగే కనిపిస్తుంది.

వర్మ్‌హోల్‌లో లోకల్ స్థానంలో మీకు ఉన్నది డైరెక్షనల్ స్కానర్, అందరూ డి-స్కాన్ అనేది. అది సుమారు 14.3 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం) వరకు ఉన్న నౌకలను, వెతకడానికి వదిలే ప్రోబ్‌లను, కట్టడాలను చూపిస్తుంది. సిస్టమ్ అంతకన్నా పెద్దదైతే అవతలి భాగం దానికి అందదు. క్లోక్ అనే అదృశ్య పరికరం వేసుకున్న నౌక దానికి ఎప్పటికీ కనిపించదు. ఈ రెండు లోపాలనూ మనసులో ఉంచుకుని కూడా దాన్ని వదలకుండా వాడాలి, ఎందుకంటే అంతకన్నా మంచి సాధనం మీ దగ్గర లేదు. లోపలికి అడుగుపెట్టగానే గమ్యం ఆలోచించే ముందు డి-స్కాన్‌ను పూర్తి దూరానికి, 360 డిగ్రీలకు పెట్టి ఒకసారి నొక్కండి. ఆస్ట్రహస్, అథనార్ వంటి కట్టడాలు కనిపిస్తే ఆ సిస్టమ్‌లో కాపురం ఉన్నవారు ఉన్నారని అర్థం. వారు తమ ఇంటికి వచ్చిన ప్రతి కొత్త సిగ్నేచర్‌నూ, అంటే స్కాన్‌లో తేలే గుర్తునూ, గమనిస్తారు. నౌకల పేర్లు కనిపించి, మళ్లీ నొక్కినప్పుడు మాయమైతే అవి కదులుతున్నాయన్నమాట. అక్కడ సైటు తెరవడానికి కూర్చోకపోవడం మంచిది.

మీరు రెలిక్ పెట్టె దగ్గర కూర్చుని హ్యాకింగ్ చేస్తున్న ఆ నిమిషాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. తెర మధ్యలో గళ్ల బల్ల తెరుచుకుంది, ఒక్కో గడి తెరుస్తూ సిస్టమ్ కోర్ కోసం వెతుకుతున్నారు. ఫైర్‌వాల్ అడ్డుపడింది, మీ వైరస్ బలం తగ్గుతోంది, ఒకసారి ఓడినా పెట్టె మిగులుతుంది గానీ రెండోసారి ఓడితే పేలిపోతుందని తెలుసు కాబట్టి కళ్లు ఆ బల్లను వదలడం లేదు. సరిగ్గా ఆ సమయంలోనే వేటగాడు వస్తాడు. మీ దగ్గరికి చేరే దారులు అతనికి రెండు. కాంబాట్ స్కానర్ ప్రోబ్‌లతో మీ నౌకనే పట్టుకోవడం మొదటిది; అప్పుడు ఆ ప్రోబ్‌లు కొద్ది సెకన్లైనా డి-స్కాన్‌లో కనిపిస్తాయి. రెండో దారి ఇంతకన్నా చెడ్డది. సిస్టమ్‌లోని సైట్లన్నిటినీ అతను మీరు రాకముందే స్కాన్ చేసి గుర్తు పెట్టుకుని ఉంటాడు, ఎవరో ఒకరు సైటులోకి దిగేవరకు క్లోక్‌లో కాచుకుని, నేరుగా అక్కడికి వార్ప్ చేస్తాడు. ప్రోబ్‌లు ఉండవు, హెచ్చరిక ఉండదు. మీ ఉత్తరం చదివితే మీకు జరిగింది ఇదేనని నాకు అనిపిస్తోంది.

దీనికి పూర్తి విరుగుడు లేదు. అయితే ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించే అలవాట్లు ఉన్నాయి. హ్యాకింగ్ బల్లను తెర మధ్యలో ఉంచకండి. దాన్ని లాగి డి-స్కాన్ ఫలితాల పక్కనే పెట్టుకోండి, అప్పుడు కన్ను తిప్పే పని ఉండదు. మామూలుగా డి-స్కాన్‌కు వి అక్షరపు మీట ఉంటుంది. ఎడమ చేతి వేలు దాని మీద పెట్టి, రెండు మూడు గళ్లు తెరిచినప్పుడల్లా ఒకసారి నొక్కుతూ ఉండండి. జాబితాలో ఇంతకు ముందు లేనిది ఏది కనిపించినా, అది కాంబాట్ ప్రోబ్ కావచ్చు, సేబర్, లోకి, స్ట్రాటియోస్ వంటి వేట నౌక కావచ్చు, పేరు చదివి ఆలోచిస్తూ కూర్చోకుండా బల్లను అలాగే వదిలి వార్ప్ చేయండి. పెట్టె ఎక్కడికీ పోదు, పది నిమిషాల తరువాత వచ్చినా అక్కడే ఉంటుంది. ఇంకొక్క గడి తెరిస్తే అయిపోతుంది కదా అనే ఆశతోనే ఈ ఆటలో ఎక్కువ హెరాన్‌లు పేలిపోతాయని నా అనుభవం.

సైటులోకి వార్ప్ చేసినవారు దిగే చోట మీరు కదలకుండా నిలబడకూడదు. పెట్టె చుట్టూ తిరుగుతూ ఉండండి. నిలబడి ఉన్న నౌకను క్లోక్‌లో ఉన్నవాడు తీరిగ్గా సమీపించి, సరైన దూరం చూసుకుని బయటపడతాడు. తిరుగుతున్న నౌక దగ్గరికి రావాలంటే అతనికి పెట్టె రూపంలో, శిథిలాల రూపంలో అడ్డంకులు ఎదురవుతాయి. క్లోక్ వేసుకున్న నౌక ఏ వస్తువుకైనా 2 కిలోమీటర్ల లోపుకు వస్తే క్లోక్ తొలగిపోతుంది. ఆ నియమం వేటగాడికి కూడా వర్తిస్తుంది కదా.

ప్రతి సిస్టమ్‌లోనూ సైటు తెరవక ముందే ఒక సేఫ్ స్పాట్ తయారు చేసుకోండి. ఒక గ్రహం నుంచి మరో గ్రహానికి వార్ప్ చేస్తూ, దారి మధ్యలో ఉండగా ఆ స్థానాన్ని బుక్‌మార్క్‌గా భద్రపరిస్తే చాలు. ఆ చోట ఏ వస్తువూ ఉండదు కాబట్టి, ప్రోబ్‌లు వేయకుండా ఎవరూ మిమ్మల్ని అక్కడ పట్టుకోలేరు. పారిపోవలసి వచ్చినప్పుడు మీ వార్ప్ గమ్యం అదే కావాలి. అక్కడికి చేరి క్లోక్ వేసుకుని, వీలైతే చాయ్ తాగి రండి. సూర్యుడి దగ్గరికో, గ్రహం దగ్గరికో పారిపోయేవారిని వేటగాళ్లు సులభంగా వెంబడిస్తారు. మీ హెరాన్‌కు ఉన్నది ప్రోటోటైప్ క్లోక్ అనుకుంటాను. దానితో వార్ప్ చేయడం కుదరదు, కదలిక కూడా బాగా మందగిస్తుంది, కానీ సేఫ్ స్పాట్‌లో దాక్కోవడానికి అది చాలు.

సైటు పేరు చదవడం కూడా నేర్చుకోండి. ఏంజెల్, బ్లడ్ రైడర్, గురిస్టాస్, సాన్షా, సర్పెంటిస్ వంటి దొంగల ముఠాల పేర్లు ఉన్న మామూలు రెలిక్, డేటా సైట్లలో కాపలా నౌకలు ఉండవు. ఇవి నల్ సెక్‌లోనే కాక ఒకటి నుంచి మూడో తరగతి వరకు ఉన్న వర్మ్‌హోల్‌లలో కూడా దొరుకుతాయి. పేరు ఫర్‌గాటెన్ అనో, అన్‌సెక్యూర్డ్ అనో మొదలైతే అందులో స్లీపర్లు (ఆటే నడిపే శత్రువులు) ఉంటారు, హెరాన్‌ను వాళ్లు క్షణాల్లో ముక్కలు చేస్తారు. కోవర్ట్ రీసెర్చ్ ఫెసిలిటీ అని ఉన్నవాటిలో కొంత సమయం గడిచాక కాపలాదారులు దిగుతారు, పెట్టెలు పేలతాయి. స్లీపర్ క్యాష్‌లు అనే సైట్లు కూడా అజాగ్రత్తగా ఉన్నవారిని చంపగలవు. కొంతకాలం వీటి జోలికి పోకండి.

మొదటి నష్టం, అంటే గేటు దగ్గర బబుల్, నేర్చుకుంటే తప్పించుకోగలిగినదే. గేటు దాటి అవతల సిస్టమ్‌లోకి అడుగుపెట్టాక మీరు కదలనంతవరకు 60 సెకన్ల పాటు ఎవరికీ కనిపించరు. చాలామంది కొత్తవారు ఆ నిమిషాన్ని వృథా చేసి వెంటనే వార్ప్ నొక్కేస్తారు. ఆ నిమిషం మీ సొంతం. చుట్టూ ఎవరున్నారో, బబుల్ ఎంత విస్తరించి ఉందో, గేటు ఎంత దూరంలో ఉందో నింపాదిగా చూడండి. మీరు ఎవరి మీదా దాడి చేయలేదు కాబట్టి, గేటు వరకు చేరగలిగితే మళ్లీ దూకి వచ్చిన దారినే వెళ్లిపోవచ్చు. బబుల్ అంచు దగ్గరగా ఉంటే వేగం పెంచే మైక్రోవార్ప్ డ్రైవ్‌తో దాని బయటికి దూసుకుపోవచ్చు. ఏది దగ్గరో కదలక ముందే నిర్ణయించుకోవాలి, సగం దారిలో మనసు మార్చుకున్నవాడు రెండింటికీ చెడతాడు.

బబుల్‌లో మరో రకం కూడా ఉంది. ఒక గేటు నుంచి మరో గేటుకు మీరు వార్ప్ చేసే సరళ రేఖను ముందే అంచనా వేసి, గమ్యం గేటుకు కొంచెం అవతలగానో ఇవతలగానో బబుల్ పెడతారు. మీరు గేటు దగ్గర దిగబోయి దాని అంచున ఆగిపోతారు. దీనికి మందు తేలికే: నల్ సెక్‌లో గేటు నుంచి గేటుకు నేరుగా వెళ్లకండి. ముందు పక్కకు ఉన్న ఏదైనా గ్రహానికి వెళ్లి, అక్కడ గమ్యం గేటు వైపు డి-స్కాన్ కోణాన్ని బాగా తగ్గించి చూసి, ఆ తరువాత వేరే దిశ నుంచి గేటుకు చేరండి. ఆ సిస్టమ్‌లో గత గంటలో ఎన్ని నౌకలు పేలాయో ఆటలోని పటమే చూపిస్తుంది. పేలిన నౌకల వివరాలు ఉంచే జీకిల్‌బోర్డ్ వెబ్‌సైట్‌లో చూస్తే ఎవరు ఎవరిని ఏ గేటు దగ్గర, ఏ నౌకతో చంపారో కూడా తెలుస్తుంది. ఈ రెండింటినీ చూడడానికి పట్టే సమయం మీ హెరాన్‌ను మళ్లీ కొని, పరికరాలు అమర్చుకునే సమయం కన్నా చాలా తక్కువ. నల్ సెక్‌లో లోకల్ నిజం చెబుతుందని ముందే అన్నాను. కానీ అది మీ పేరును కూడా అందరికీ చెబుతుంది. ఆటగాళ్ల కూటములు ఏలే ప్రాంతాల్లో మీరు అడుగుపెట్టిన మరుక్షణం వారి నిఘా చానల్‌లో మీ పేరు పడిపోతుంది. కొత్త పేరు లోకల్‌లో కనిపించినప్పుడు పని ఆపి సేఫ్ స్పాట్‌కు వెళ్లి, ఆ పేరు పోయాక తిరిగి రావడం ఒక్కటే అక్కడి క్రమశిక్షణ. సిండికేట్, వీనల్ వంటి ప్రాంతాల్లో ఆటగాళ్లకు చెందని స్టేషన్లు ఉంటాయి కాబట్టి మధ్య మధ్యలో సరుకు దించుకోవచ్చు. మొదట అటువంటి చోట్ల సాధన చేయడం నాకు ఇష్టం.

ఏ వేళకు వెళ్తున్నారన్నది కూడా ఆలోచించండి, ఇందులో భారతదేశంలో ఉండేవారికి ఒక అదృష్టం ఉంది. ఆట గడియారం గ్రీన్విచ్ కాలమానంలో నడుస్తుంది. రోజూ 11 గంటలకు, అంటే మనకు సాయంత్రం 4.30కు, సర్వర్‌ను కొద్దిసేపు ఆపి మళ్లీ తెరుస్తారు. ఐరోపా వాళ్ల సాయంత్రం మనకు అర్ధరాత్రి ప్రాంతం, అమెరికా వాళ్ల సాయంత్రం మనకు తెల్లవారుజాము, ఉదయం. ఆ రెండు వేళల్లోనే వేటగాళ్లు ఎక్కువ. మన మధ్యాహ్నం నుంచి సర్వర్ ఆగే వేళ వరకు సాధారణంగా జనం పలుచగా ఉంటారు. సెలవు రోజున మధ్యాహ్న భోజనం చేసి కూర్చుంటే, మీ బావగారు ఎప్పుడూ చూడనంత ప్రశాంతమైన నల్ సెక్ మీకు కనిపిస్తుంది.

ఇక మూడో నష్టం. హై సెక్‌లో కూడా చంపుతారు, చంపి బతకాలని కూడా వాళ్లు ఆశించరు. కాంకార్డ్ వచ్చి తమ నౌకను పేల్చేస్తుందని తెలిసే, అంతకన్నా ఎక్కువ విలువైన సరుకు మీ దగ్గర ఉందని లెక్క వేసుకుని దాడి చేస్తారు. 1.0 సిస్టమ్‌లో కాంకార్డ్ త్వరగా వస్తుంది, 0.5 సిస్టమ్‌లో ఆలస్యంగా వస్తుంది. జిటా దారిలో ఉన్న ఉయెదామా 0.5 కావడం వల్లనే అక్కడ ఎప్పుడూ కొందరు కాచుకుని ఉంటారు. సంత నుంచి తిరిగి వచ్చే రైతు నడుముకు డబ్బు సంచి ఉంటుందని దొంగకు ఎలా తెలుసో, అన్వేషణ నుంచి జిటాకు పోయే హెరాన్‌లో రెలిక్ సరుకు ఉంటుందని వాళ్లకు అలా తెలుసు, పైగా కార్గో స్కానర్‌తో లోపల ఏముందో చూసి మరీ నిర్ణయించుకుంటారు. ఆటోపైలట్ మిమ్మల్ని గేటు మీదకు కాక, దానికి కొంత దూరంలో దించి అక్కడి నుంచి నెమ్మదిగా నడిపిస్తుంది. స్కాన్ చేసి, గురి పెట్టి, కాల్చడానికి ప్రతి గేటు దగ్గరా అంత సమయం ఇచ్చి మీరు భోజనానికి లేచారు. చేతితో నడిపి, ప్రతి గేటుకు సున్నా దూరంలో దిగి, వెంటనే దూకితే, హెరాన్ వంటి చిన్న నౌకను ఆ దారిలో పట్టుకోవడం కష్టం. లో స్లాట్లలో నానోఫైబర్, ఇనర్షియల్ స్టెబిలైజర్ వంటివి పెట్టి, వార్ప్‌కు తిరిగే సమయాన్ని రెండు సెకన్ల దగ్గరకు తెచ్చుకుంటే ఇంకా మంచిది. సర్వర్ సెకనుకు ఒకసారి లెక్కగడుతుందని చెప్పాను కదా, రెండు సెకన్ల లోపు వార్ప్‌లోకి వెళ్లే నౌక మీద గురి కుదరడం దాదాపు అసాధ్యం.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, 9 కోట్లు ఒకే నౌకలో పోగుపడేదాకా ఎందుకు ఆగారు? సరుకు పెరిగే కొద్దీ నౌక అదే నౌక, మీ అప్రమత్తత మాత్రం అలసిపోతూ ఉంటుంది. ఎంత విలువ చేరితే వెనక్కి తిరగాలో బయలుదేరక ముందే ఒక అంకె అనుకోండి. మీ హెరాన్, దాని పరికరాల ఖర్చుకు పది రెట్లు చేరగానే తిరుగుముఖం పట్టడం మీ స్థాయికి సరిపోతుందని నా అభిప్రాయం. ఆ అంకె చేరాక కనిపించే మరో సైటు ఎంత ఊరించినా వదిలేయాలి. ప్రాణం కూడా అలాగే: ఖరీదైన ఇంప్లాంట్లు (శరీరంలో అమర్చుకునే పరికరాలు) ఉన్న క్లోన్‌తో ప్రమాద ప్రాంతాలకు వెళ్లకండి. జంప్ క్లోన్, అంటే మారడానికి మరో శరీరం, ఏర్పాటు చేసుకుని, ఇంప్లాంట్లు లేని శరీరంతో వెళ్లండి. నౌక పేలాక లో సెక్‌లో అయితే పాడ్‌ను, అంటే మీరు మిగిలే చిన్న గుళికను, బతికించుకోవడం సులభం, ఏదైనా గ్రహం ఎంచుకుని ముందు నుంచే వార్ప్ మీద నొక్కుతూ ఉంటే చాలు. బబుల్‌లో మాత్రం పాడ్ పోయినట్లే అనుకోవాలి.

ఆస్టెరో గురించి అడిగారు. అది మంచి నౌక. స్కానింగ్ బలం, హ్యాకింగ్ బలం రెండూ ఉన్నాయి, క్లోక్‌లోనే వార్ప్ చేయగల కోవర్ట్ ఆప్స్ క్లోక్ పడుతుంది, డ్రోన్‌లతో ఎదురు తిరిగి పోరాడనూ వచ్చు. అయినా ఇప్పుడు కొనవద్దంటాను. హెరాన్‌తో పోలిస్తే దాని ఖరీదు అనేక రెట్లు ఎక్కువ, చేతిలో ఆయుధం ఉందన్న ధైర్యం మీ వంటి కొత్తవారిని పారిపోవలసిన చోట నిలబెడుతుంది. మీ రెండో నష్టంలో, అంటే బల్ల మీద కళ్లు పెట్టి కూర్చున్నప్పుడు, మీ కింద హెరాన్ ఉన్నా ఆస్టెరో ఉన్నా తేడా ఉండేది కాదు. కావలసింది కోవర్ట్ ఆప్స్ క్లోక్ అయితే, కాల్డారి ఫ్రిగేట్ నైపుణ్యం పెంచుకుని బజర్డ్ అనే నౌకకు వెళ్లండి. హెరాన్ నడిపినవారికి అది సహజమైన తరువాతి మెట్టు. ఈలోపు చవక హెరాన్‌లు నాలుగైదు ఒకే రకంగా అమర్చి స్టేషన్‌లో పెట్టుకోండి. ఒకటి పోయిన రోజున ఆట కట్టేయకుండా ఇంకొకదానితో బయలుదేరగలుగుతారు.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. వర్మ్‌హోల్‌లోనో, లో సెక్‌లోనో ఎవరైనా మర్యాదగా పలకరించి, దారి చూపిస్తాను, నా ఫ్లీట్‌లో (జట్టులో) చేరండి అంటే చేరకండి. ఒకే ఫ్లీట్‌లో ఉన్నవారు అదే సిస్టమ్‌లో మీరు ఎక్కడున్నా మీ దగ్గరికి నేరుగా వార్ప్ చేయగలరు. మీరు కష్టపడి చేసుకున్న సేఫ్ స్పాట్ తాళం మీ చేతులతోనే ఇచ్చినట్లవుతుంది.

చివరగా, దారి మూసుకుపోవడం. అది జరగకుండా చూసుకోవడమే సగం పని. హోల్‌లోకి దూకే ముందు దాని సమాచారం తెరిచి చదవండి. ఆయుష్షు చివరికి వచ్చిందని గానీ, బరువు మోసే శక్తి కూలిపోయే స్థితికి చేరిందని గానీ ఉంటే అందులోకి వెళ్లవద్దు. ఇవతల ఉండగా ఒక బుక్‌మార్క్, దూకిన వెంటనే అవతల వైపు ఇంకొక బుక్‌మార్క్ చేసుకోవాలి. ఈ రెండోదాన్ని మరిచిపోయి, ప్రోబ్‌లు పోగొట్టుకున్నవారే ఎక్కువగా లోపల చిక్కుకుంటారు. కార్గోలో అదనంగా మరో జత ప్రోబ్‌లు ఎప్పుడూ ఉండాలి. అవతల శత్రువు కనిపిస్తే వెంటనే వెనక్కి దూకవచ్చు, కానీ అదే హోల్‌లో వెంట వెంటనే రాకపోకలు చేస్తే కొన్ని నిమిషాల పాటు మళ్లీ దూకనివ్వదు, వేటగాళ్లు ఆ నిమిషాల కోసమే అవతల కాచుకుని ఉంటారు.

అయినా చిక్కుకున్నారనుకుందాం. మీ దగ్గర ప్రోబ్‌లు ఉంటే అది ఆపద కాదు, ఆలస్యం మాత్రమే. వర్మ్‌హోల్ సిస్టమ్‌కు ఒకటి కన్నా ఎక్కువ దారులు ఉండడం మామూలే, సేఫ్ స్పాట్‌లో కూర్చుని సిగ్నేచర్లన్నిటినీ స్కాన్ చేస్తే మరో వర్మ్‌హోల్ దొరుకుతుంది. అది ఇంకో తెలియని సిస్టమ్‌కు పోయినా ఫరవాలేదు, అక్కడి నుంచి ఇంకొకటి వెతకండి. ప్రోబ్‌లు కూడా లేకపోతే నౌకను సేఫ్ స్పాట్‌లో ఉంచి లాగౌట్ చేసి, సిగ్నల్ కార్టెల్ అనే ఆటగాళ్ల బృందాన్ని సంప్రదించండి; వర్మ్‌హోల్‌లలో చిక్కుకున్నవారికి సాయపడడాన్ని వాళ్లు ఒక సేవగా పెట్టుకున్నారు, చాలా సిస్టమ్‌లలో ప్రోబ్‌లు, లాంచర్ ఉన్న పెట్టెలను కూడా ముందే దాచి ఉంచారు. అంతసేపు ఆగే ఓపిక లేకపోతే, లోపల విలువైన సరుకేమీ లేకపోతే, సెల్ఫ్ డిస్ట్రక్ట్ ఒకటి మిగులుతుంది. ముందు నౌక రెండు నిమిషాలు లెక్క పెట్టి పేలుతుంది, ఆ తరువాత పాడ్‌ను కూడా అలాగే పేల్చుకోవాలి, మీరు హోమ్ స్టేషన్‌లో కళ్లు తెరుస్తారు. ఆ హోమ్ స్టేషన్ ఏదో ఇప్పుడే ఒకసారి చూసుకోండి. ఆట మొదలుపెట్టిన రోజున ఇచ్చినదే ఇంకా ఉంటే, మీ మిగతా హెరాన్‌లు ఉన్న స్టేషన్‌కు మార్చుకోండి.